ముత్తాత, తాత, నాయినమ్మ: మూడు మరణాలు, మూడు ఆఫీసులు

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీ ముత్తాతది శాయంపేట వైపు చేనేత ఊరు, పాత పరకాల తాలూకా. 1950ల చివర్లో ఊళ్లోనే పోయారని ఇంట్లో చెప్పుకుంటారు. తాత 1978లో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పోయారు. నాయినమ్మ 1990ల్లో మహారాష్ట్రలోని భీవండిలో చిన్న కొడుకు దగ్గర పోయారు. వంశవృక్షం రాసుకుంటున్నారు కాబట్టి ముగ్గురి మరణ రికార్డులూ కావాలి. మీసేవకు వెళ్తే డేటా లేదన్నారు. ఇక దారి లేదా అని మీ బాధ.

దారి ఉంది. నేను తహసీల్ ఆఫీసులో రికార్డు సెక్షన్ చూసి రిటైర్ అయినవాణ్ణి, కౌంటర్‌కు అవతలి వైపు సంగతి చెప్తాను. మీలాంటివాళ్లు రాగానే "మా తాత డెత్ సర్టిఫికెట్ కావాలి సార్" అంటారు. ఆ మాట చెవిన పడగానే గుమస్తా దాన్ని భూమి పంచాయితీ కింద జమ కడతాడు. ఎక్కడ కేసు నడుస్తోందో, రేపు కోర్టుకు తనను పిలుస్తారేమో అని టెన్షన్. "లేదు" అంటే పనీ తప్పుతుంది, భయమూ తప్పుతుంది. అందుకని మీరు సర్టిఫికెట్ అన్న మాటే మొదట తీయకండి. ఫలానా ఊరి, ఫలానా యేటి మరణాల రిజిస్టర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందని అడగండి. మనిషి పేరు ఆ తర్వాత చెప్పొచ్చు. ఊరు, యేడు తేలితే పేరు తేలడం ఎంతసేపు?

మీసేవ సంగతి కూడా చెప్పాలి. అక్కడ కనిపించేవి కంప్యూటర్‌లోకి ఎక్కించినవి మాత్రమే. పాత చేతిరాత రిజిస్టర్లు చాలావరకు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. కాబట్టి డేటా లేదన్న జవాబును రిజిస్టర్‌లో లేదన్న జవాబుగా తీసుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. సొంతూరు, ఇంటి అడ్రస్, ఓటు ఎక్కడున్నా లెక్కలోకి రావు. పరకాల మనిషి ఎంజీఎంలో పోతే వరంగల్ రిజిస్టర్‌లో ఉంటాడు. అదే మనిషి హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో పోతే అక్కడి రిజిస్టర్‌లో ఉంటాడు. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి చుట్టూ నెలల తరబడి తిరిగేవాళ్లలో చాలామందికి రావాల్సిన కాగితం అసలు ఆ ఊళ్లోనే ఉండదు.

ఇప్పుడు మీ తాత విషయం. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, మన దగ్గర 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆస్పత్రిలో మరణం జరిగితే రిజిస్ట్రార్‌కు తెలపాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. కాబట్టి 1978 ఎంజీఎం మరణం అప్పటి వరంగల్ మున్సిపాలిటీ రిజిస్టర్‌లో ఉండాలి. ఆ మున్సిపాలిటీయే 1994లో కార్పొరేషన్ అయింది, 2015లో గ్రేటర్ వరంగల్ అయింది. మీరు వెళ్లాల్సింది గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ జనన మరణాల విభాగానికి. ఎంజీఎంకు కాదు.

చట్టంలో సెక్షన్ 17 గుర్తుపెట్టుకోండి. నిబంధనలకు లోబడి ఎవరైనా రిజిస్టర్ వెతికించుకోవచ్చు, నమోదు ఉంటే నకలు తీసుకోవచ్చు అని అందులో ఉంది. రక్తసంబంధం రుజువు చేయాలన్న షరతు అందులో లేదు. అయినా కౌంటర్ దగ్గర ఆధార్ చూపించమంటారు, మీకు ఏమవుతారని అడుగుతారు. చూపించండి, చెప్పండి. అక్కడ చట్టం వల్లించి గెలిచినా నకలు చేతికి రాదు. సెక్షన్ నంబర్ దరఖాస్తులో ఉంటే చాలు. ఇలా రాయండి:

"విషయం: 1978 మరణాల రిజిస్టర్‌లో శోధన, నకలు గురించి. అయ్యా, జనన మరణాల నమోదు చట్టం 1969 సెక్షన్ 17 కింద, దిగువ వివరాలతో రిజిస్టర్ వెతికించి, నమోదు ఉంటే నకలు, లేకుంటే లేదని ఫారం 10లో ధ్రువీకరణ ఇప్పించగలరు. చనిపోయినవారి పేరు, తండ్రి పేరు, సుమారు వయసు, స్వగ్రామం ఇవీ. చనిపోయిన చోటు ఎంజీఎం ఆస్పత్రి. వెతకాల్సిన కాలం 1978 జనవరి నుంచి 1979 మార్చి వరకు. ఇది కుటుంబ చరిత్ర కోసం మాత్రమే. శోధన రుసుము చెల్లిస్తాను."

1979 మార్చి దాకా ఎందుకంటే, రిజిస్టర్ రాసేది నమోదైన తేదీ వరసలో. డిసెంబర్‌లో పోయినవాళ్లు జనవరిలో నమోదైతే తర్వాతి యేటి పుస్తకంలో ఉంటారు. శోధన రుసుము వెతికిన యేళ్లను బట్టి ఉంటుంది, చిన్న మొత్తమే. అసలు ఖర్చు అవతలి మనిషి ఓపిక. ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రి ఉన్న ఊళ్లో ఒక్క యేటి పుస్తకమే లావుగా ఉంటుంది. "1975 నుంచి 1985 దాకా చూడండి" అని రాసిస్తే ఎవరూ చూడరు. నెల తెలిస్తే ఒక పూటలో తేలుతుంది. బతుకమ్మ ముందా తర్వాతా, వాన కాలమా ఎండ కాలమా, ఇంట్లో ఎవరి పెళ్లి ఆగిపోయింది అని మీ మేనత్తల్ని అడగండి. ఆడవాళ్లకు ఇవి బాగా గుర్తుంటాయి.

ఫారం 10 అడగమన్నది కూడా ఊరికే కాదు. నోటితో లేదనడం తేలిక. లేదని సంతకం పెట్టి ఇవ్వాలంటే పుస్తకం తెరవాల్సిందే. జనన మరణాల రిజిస్టర్లు శాశ్వత రికార్డు, వాటిని ధ్వంసం చేయకూడదని నిబంధనల్లోనే ఉంది. "పాతవన్నీ తీసేశారండీ" అంటే ఆ నిబంధన మర్యాదగా గుర్తుచేయండి.

పేరు దగ్గర జాగ్రత్త. ఎల్లయ్య అన్న ఒక్క పేరే ఇంగ్లిష్‌లో వై తో, ఈ తో, ఐ తో మూడు రకాలుగా రాస్తారు. కొమురయ్య, కొమ్రయ్య, కుమారస్వామి ఒకే మనిషి కావొచ్చు. లచ్చమ్మ రికార్డుకెక్కేసరికి లక్ష్మి అవుతుంది. ఆడవాళ్లకైతే సొంత పేరు కన్నా "ఫలానా వారి భార్య" అన్నదే గట్టి ఆధారం. దరఖాస్తులో అన్ని రూపాలూ రాయండి. వయసును మాత్రం నమ్మొద్దు. 60, 65, 70 అని గుండుగుత్తగా వేసేవారు. దాన్నుంచి పుట్టిన యేడు లెక్కగట్టి వంశవృక్షంలో రాయకండి.

నకలు చేతికొచ్చాక రెండు గడులు ముందు చూడండి. ఒకటి సమాచారం ఇచ్చినవారి పేరు. ఇంట్లో జరిగిన మరణమైతే అది బావమరిదో అల్లుడో అయ్యుంటుంది, అక్కడినుంచి మీకు కొత్త కొమ్మ దొరుకుతుంది. రెండోది నమోదైన తేదీ. మరణ తేదీకి దగ్గర్లో ఉంటే అది అసలు సాక్ష్యం. పదేళ్ల తర్వాత నమోదై ఉంటే ఏదో అవసరానికి చేయించుకున్నదన్నమాట, తేదీ మీద అనుమానం ఉంచుకోండి. చావుకు కారణం మాత్రం నకలులో దొరకదు. రిజిస్టర్‌లో ఉన్నా నకలులో బయటపెట్టకూడదని సెక్షన్ 17లోనే ఉంది. ఇంట్లో గుండెజబ్బో షుగరో వంశపారంపర్యంగా ఉందా అని చూస్తున్నవాళ్లకు ఇది నిరాశే. 2023 సవరణ తర్వాత ఆస్పత్రులు కారణం తెలిపే ధ్రువీకరణను దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. పాత మరణాలకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

మీ ముత్తాతది అసలు కష్టం. ముందుగా ఒక హెచ్చరిక. పాత రికార్డుల గురించి రాసే సలహాలు చాలావరకు కోస్తా వైపు వాళ్లవి. అక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ ఉండేది, 1899 నాటి మద్రాసు చట్టం ఉండేది, మునసబులు, అంటే అక్కడి గ్రామాధికారులు, రాసిన లెక్కలు ఉంటాయి. మనది నిజాం రాజ్యం. ఇక్కడ ఊళ్లో పుట్టుక, చావు రాసి పైకి పంపినవాడు పోలీస్ పటేల్. భూమి లెక్క పట్వారీది. మునసబు రికార్డు అని తహసీల్ ఆఫీసులో అడిగితే మీ ముఖం చూస్తారు.

ఆ పటేల్ రాసిన పుస్తకం ఇప్పుడు ఎక్కడుంది? 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. పుస్తకాలన్నీ అప్పగించాలి. అప్పగించినవాళ్లున్నారు, అటక మీద పెట్టుకున్నవాళ్లున్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, బీరువాలు పంచుకున్నారు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి, మళ్లీ పంపకం. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. మీ శాయంపేట ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది. నిజాం కాలంలో పరకాల తాలూకా కరీంనగర్ జిల్లాలోది. ఇలాంటిదే జనగామ. సాయుధ పోరాట కాలంలో అది నల్లగొండ జిల్లా తాలూకా. ఖమ్మం అయితే 1953 దాకా వరంగల్‌లోనే ఉండేది. కాబట్టి కాగితం మీద మీ ఊరిని ఇప్పటి జిల్లా పేరుతో, పాత తాలూకా పేరుతో, పాత జిల్లా పేరుతో మూడు రకాలుగా రాయండి. గ్రామం పేరు పక్కన శివారు పేరు కూడా రాయండి. చిన్న ఊళ్లను పక్క రెవెన్యూ గ్రామం కింద కలిపి రాసేవారు.

అడగాల్సిన వరస: గ్రామ పంచాయతీ కార్యదర్శి, శాయంపేట తహసీల్ ఆఫీసు, పరకాల తహసీల్ ఆఫీసు రికార్డు గది, ఆపైన కలెక్టరేట్. పాత తాలూకా కేంద్రాన్ని వదలొద్దు, అక్కడ మిగిలిపోయిన కట్టలే ఎక్కువ. వీలైతే పాత పోలీస్ పటేల్ కుటుంబాన్ని కూడా కలవండి. ఆస్తి కోసం కాదని మొదటి మాటలోనే చెప్పండి. నిజాం ప్రభుత్వ స్థాయి దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ ఊరి వివరాలు, జాగీర్ల లెక్కలు దొరకొచ్చు గానీ ఒక చేనేత కార్మికుడి మరణ నమోదు కోసమే అంత దూరం పోవడం దండగ.

దొరికిన పుస్తకం ఉర్దూలో ఉండొచ్చు, తేదీ ఫస్లీ అనే పాత సర్కారు సంవత్సరాల లెక్కలో ఉండొచ్చు. భయపడకండి. నిజాం కాలపు ఫస్లీ యేడు అక్టోబర్ మొదట్లో ఆజూర్ నెలతో మొదలవుతుంది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఆజూర్ నుంచి డిసెంబర్ చివరిదాకా ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ 1352 ఫస్లీ అంటే 1943 ఏప్రిల్ ప్రాంతం. ఇప్పటి రెవెన్యూ ఫస్లీ జూలై 1న మొదలవుతుంది, రెండింటినీ కలిపేయకండి. ఉర్దూ గొలుసుకట్టు చదవడానికి రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర పాత దస్తావేజులు చదివే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. అనుమతి తీసుకుని పేజీ మొత్తం ఫొటో తీయండి. ఒక్క గడి తీస్తే వాళ్లకూ పోల్చుకోవడం రాదు.

నిజం చెప్పాలంటే 1950ల నాటి ఊరి మరణ నమోదు దొరికే అవకాశం తక్కువ. అక్కడితో ఆగిపోకండి, భూమి రికార్డులోకి రండి. మీ ముత్తాత పేరున గుంట భూమి ఉన్నా సరే. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేరున ఉందో రాసిన పుస్తకం, మన ప్రాంతపు రికార్డులన్నిటికీ పునాది. అందులో ఆయన పేరుంటే అప్పటికి ఊళ్లో ఆయనకు భూమి ఉందని తెలుస్తుంది. ఆ తర్వాతి పహాణీలు యేడు వెంట యేడు తిరగేయండి. ఒక యేడు ఆయన పేరు పోయి కొడుకుల పేర్లు వస్తాయి. దానికి ముందు భూమిని వారసుల పేరుకు మార్చే విరాసత్ ఫైలు నడిచి ఉంటుంది, ఫౌతీ అని కూడా అంటారు. ఆ ఫైలు దొరికితే మీ పంట పండినట్టే. ఎప్పుడు పోయారు, వారసులెవరు, ఏ కొడుకు ఏ భార్యకు పుట్టాడు అన్నవి పంచనామాలో, వాంగ్మూలాల్లో ఉంటాయి. మరణ రిజిస్టర్ ఒక్క లైను చెప్తే విరాసత్ ఫైలు కుటుంబాన్నంతా చెప్తుంది. ఒక్క జాగ్రత్త: పహాణీలో పేరున్నంత మాత్రాన మనిషి బతికున్నాడని కాదు. అన్నదమ్ములు పంచుకోకపోతే చనిపోయినవారి పేరే ఇరవై యేళ్లు నడుస్తుంది. పేరు మారిన యేడు గరిష్ఠ హద్దు మాత్రమే, మరణం దానికి ముందు ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు.

భూమి లేకపోతే? మీది చేనేత ఇల్లు కాబట్టి ఊళ్లో చేనేత సహకార సంఘం సభ్యుల రిజిస్టర్ అడగండి. సభ్యుడు పోతే వాటా వారసుడి పేరుకు మారాలి, ఆ మార్పు ఎక్కడో రాసి ఉంటుంది. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు మీ ఇంట్లో బియ్యం ఇచ్చేటప్పుడు ఎవరెవరి పేర్లు చదువుతారో వరసగా రాసుకోండి. తద్దినం పెట్టే అలవాటుంటే తిథి తెలిసినట్టే. మాసం, పక్షం, తిథి, దానికి తోడు సంవత్సరం పేరు ఎవరికైనా గుర్తుంటే పాత పంచాంగంతో తేదీ పట్టొచ్చు. అరవై యేళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది కాబట్టి తరాల మధ్య గందరగోళం తక్కువ. సర్వజిత్తు అంటే 1947-48, రజాకార్ల కాలం. పద్మశాలీల ఇళ్లకు వచ్చి కులపురాణం చెప్పే కూనపులివారిని కూడా అడగండి. వాళ్లు తేదీలు చెప్పరు గానీ వంశం వరస విషయంలో మన కన్నా నయం. ఇలాగే ఇతర కులాలకూ ఆశ్రిత కళాకారులున్నారు, ఆదిలాబాద్ వైపు గోండులకు ప్రధాన్‌లు ఉన్నట్టుగా. వాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి, అది వాళ్ల జీవనం.

ఇది చదివే వేరేవాళ్ల కోసం రెండు ముక్కలు. క్రైస్తవ కుటుంబాలైతే ముందు చర్చి ఖనన రిజిస్టర్ చూడండి. కాజీపేట ఫాతిమానగర్ కేంద్రంగా ఉన్న వరంగల్ కథోలిక మేత్రాసనం 1952లో, దోర్నకల్ ఆంగ్లికన్ డయోసిస్ 1912లో ఏర్పడ్డాయి. సింగరేణి, రైల్వే, ఆజంజాహి మిల్లు కుటుంబాలైతే ప్రావిడెంట్ ఫండ్, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో మరణ తేదీ దొరికే అవకాశం ఎక్కువ. పింఛనుదారులైతే ఫ్యామిలీ పెన్షన్ మొదలైన తేదీ చూడండి, అది సాధారణంగా మరణం మర్నాటిదే.

ఆఫీసుల్లో కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దాన్లో నకలు అడిగితే "దానికి వేరే పద్ధతి ఉంది" అని తిప్పి పంపుతారు. "ఫలానా గ్రామానికి సంబంధించి మీ కస్టడీలో ఉన్న మరణ రిజిస్టర్లు ఏయే సంవత్సరాలవి? మిగతావి ఏ ఆఫీసుకు, ఏ తేదీన అప్పగించారు?" అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వేరే ఆఫీసు విషయమైతే దరఖాస్తును వాళ్లే అక్కడికి పంపాలి. ఇక స్వయంగా వెళ్లేటప్పుడు సోమవారం వద్దు, జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. మేడారం జాతర రోజుల్లో అసలే వద్దు, సగం సిబ్బంది జాతర డ్యూటీలో ఉంటారు.

ఎవరో ఏజెంటు "ముత్తాతగారి సర్టిఫికెట్ కొత్తగా తీయిస్తా" అని మీకు చెప్పినట్టు రాశారు. వద్దు. యేడాది దాటిన మరణాన్ని ఇప్పుడు నమోదు చేయించే పద్ధతి చట్టంలో ఉంది, మన దగ్గర ఆ ఫైలు ఆర్డీఓ ఆఫీసుకు వెళ్తుంది, అఫిడవిట్లు కావాలి. ఆస్తికో పింఛనుకో అవసరమైనవాళ్లు ఆ బాధ పడతారు. మీకు దానివల్ల వచ్చేదేముంది? మీరు చెప్పిన తేదీనే ముద్ర వేసి మీకు తిరిగి ఇస్తారు. వంశచరిత్రలో దాన్ని ఆధారంగా చూపిస్తే, రేపు మీ మనవడు అది 1950ల రికార్డే అనుకుంటాడు. దానికన్నా "ఊళ్లో చెప్పుకునే మాట ప్రకారం 1958 ప్రాంతం, పహాణీలో పేరు ఫలానా యేడు మారింది" అని రాయడమే నిజాయితీ.

నాయినమ్మది అన్నిటికన్నా తేలిక, అందుకే మొదలు దాంతోనే పెట్టండి. దరఖాస్తు భీవండి నిజాంపూర్ మహానగర పాలిక జనన మరణాల విభాగం అడ్రస్‌కు వెళ్లాలి. చట్టం దేశమంతా ఒక్కటే కాబట్టి సెక్షన్ 17 అక్కడా పనిచేస్తుంది. దరఖాస్తు మరాఠీలో ఉంటే పని తొందరగా అవుతుంది. మీ చిన్నాయిన పిల్లలు ఎవరైనా ఇంకా అక్కడే ఉంటే వాళ్ల చేతే పెట్టించండి. ఇంటిపేరు మరాఠీ లిపిలో ఎలా రాస్తున్నారో రేషన్ కార్డు చూసి అలాగే రాయమనండి. దహనం చేసిన శ్మశానం పేరు గుర్తుంటే అది కూడా. ఆ నకలులో భర్త పేరు ఏ రూపంలో ఉందో చూసుకుని, అదే పేరుతో వరంగల్‌లో తాతగారి కోసం అడగండి.